ఘాటు ఎటు పోయింది?

"ఆదామూ, నువ్వొచ్చి నీ పొయ్యి పగలగొట్టేసి పోవయ్యా" అని బసవమ్మ గారు ఫోన్ చేసేసరికి నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. కలిపిన ముద్ద కలిపినట్టే ఉండిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళుగా పొయ్యిలు కడుతున్నాను. కట్టమని పిలిచారు, బాగు చెయ్యమని పిలిచారు, ఊరికే ఒకసారి చూసిపొమ్మని కూడా పిలిచారు. పగలగొట్టమని పిలిచింది మాత్రం ఈవిడొక్కతే.

"ఏమైందమ్మా? పొగ వెనక్కి తన్నుతోందా?" అన్నాను.

"పొగా లేదు, గిగా లేదు. అచ్చిరాలేదు, అంతే" అని ఫోన్ పెట్టేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా పొయ్యిని అంటే నన్ను అన్నట్టే. నేను తాపీ మేస్త్రినే గానీ మేడలూ మెట్లూ కట్టేవాణ్ణి కాదు. పొగాకు బ్యారన్లకి పొయ్యిలు కట్టేవాణ్ణి. బ్యారన్ అంటే పచ్చాకుని వేడి మీద పండించి ఆరబెట్టే ఎత్తయిన గది. బయట పొయ్యిలో కట్టెలు మండుతుంటాయి, ఆ వేడి గొట్టాల్లో పడి గదంతా తిరుగుతుంది. మా చీమకుర్తి చుట్టుపక్కల పొగాకు తగ్గేసరికి నా పనీ తగ్గింది. మూడేళ్ళ నుంచి ఇళ్ళకి వేన్నీళ్ళ పొయ్యిలు కడుతున్నాను. పెరటి గోడకి ఆనించి ఇటుకల పొయ్యి, దానికి ఇనుప తలుపు, పైన నీళ్ళ ట్యాంకు, పక్కగా పొగగొట్టం. పత్తి తీసేశాక చేలో మిగిలే కట్టె రెండు మోపులు వేస్తే ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాగుతాయి. ఇప్పటిదాకా తొమ్మిది ఇళ్ళకి కట్టాను. ఒక్కదానికి కూడా మాట రాలేదు.

బసవమ్మ గారిది పక్క ఊరే. భర్త పోయాక మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి ఆవిడే చూసుకుంటుంది. కొడుకు త్రినాథ్ చీమకుర్తిలో రాయి కోసి పాలిష్ పట్టే యూనిట్లో పని చేస్తాడు. కూతురు శ్రీరమ్యని చీరాల ఇచ్చారు. ఆ అమ్మాయి తొలి కాన్పుకి పుట్టింటికి వస్తుందనే ఈ పొయ్యి కట్టించింది. "మాఘం చలి, పురిటిగది గోడ వెచ్చగా ఉండేట్టు చూడు" అని మరీ మరీ చెప్పింది. నేను బ్యారన్ తెలివంతా వాడి, పొగదారిని తిన్నగా పైకి పంపకుండా గది గోడ వెంట నాలుగడుగులు అడ్డంగా నడిపించి ఆ తర్వాత గొట్టంలోకి ఎక్కించాను. చెయ్యి పెడితే గోడ గోరువెచ్చగా తగిలేది. ఆ పని చూసుకుని ఎంత మురిసిపోయానో నాకే తెలుసు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. బసవమ్మ గారు పెరట్లో పీట వేసుకుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. కూర్చోమనలేదు.

"పిల్లని ఆసుపత్రి నుంచి తెచ్చి పన్నెండు రోజులయ్యా. తెచ్చిన రెండో రోజు నుంచీ తలనొప్పి అంటది. తిన్నది కక్కుతది. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటది. పసిదానికి పాలు తాగే ఓపిక లేదు, ఎప్పుడూ మత్తే. డాక్టరు రక్తం తక్కువన్నాడు, బలం మందులు రాశాడు. ఏం లాభం? వాస్తు చూసే ఆయన్ని పిలిపిస్తే వాయవ్యంలో నిప్పెట్టారన్నాడు."

"నా పొయ్యి దిక్కులు చూసి మండదమ్మా, గాలి చూసి మండుతుంది."

"అయితే నా పిల్లకి ఏమైందో నువ్వు చెప్పు" అందావిడ. ఆ మాటతో నాకు కోపం సగం దిగిపోయింది.

ఏమైందో చెప్పాలనే పట్టుదల మాత్రం అప్పుడే పుట్టింది. పొయ్యి వెలిగించమన్నాను. పక్కన కూర్చుని వరసగా చూసుకుంటూ వచ్చాను. కట్టెలు ఎండువే, రెండు కొడితే ఖణేల్‌మన్నాయి. పచ్చికట్టె అయితే గొట్టం నిండా జిగురుమసి పేరుకుంటుంది, దానికి నిప్పంటుకుంటే గొట్టమే మండుతుంది. ట్యాంకులో నీళ్ళు నిండుగా ఉన్నాయి. కిరసనాయిలు వాసన లేదు. బూడిద ఏ రోజుకారోజు తీసి ఇనుప తట్టలో పోసి, పత్తికట్టెల మోపులకి దూరంగా పెట్టారు. నేను చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తోంది ఆవిడ.

గొట్టం మొదట్లో నడుమెత్తున ఒక సన్నటి సందు ఉంటుంది. అందులో ఇనుపరేకుతో చేసిన పొగపలక. మంట మండుతున్నంతసేపూ దాన్ని బయటికి లాగి ఉంచాలి. కట్టె కాలిపోయి నిప్పులయ్యాక లోపలికి తోస్తే వేడి గొట్టం వెంట పారిపోకుండా నిలబడుతుంది. ఆ పలకని లాగి పక్కనే గోడ మీద పెట్టారు. దాని మీద మసిగుడ్డ కప్పి ఉంది. సరిగ్గానే వాడుతున్నారు అనుకున్నాను.

ఇక నా చివరి పరీక్ష. పెరట్లో పడి ఉన్న పత్తిపింజ ఒకటి తీసుకుని పొయ్యి మూతి దగ్గర రెండు వేళ్ళతో పట్టుకున్నాను. గొట్టం లాగుతుంటే పింజ లోపలికి వాలుతుంది. పొగ వెనక్కి తన్నుతుంటే నా మొహం వైపు వాలుతుంది. పింజ చక్కగా లోపలికి వాలింది, వదిలితే సర్రున పోయి మంటలో పడింది. పైన గొట్టం లోంచి పల్చటి పొగ తిన్నగా పోతోంది.

"చూశారా? ఇంత మంచి పొయ్యి ప్రకాశం జిల్లాలో ఉండదు" అన్నాను.

బసవమ్మ గారు తొడిమలు తీయడం ఆపలేదు. "పొయ్యి మంచిదే. పిల్లకే బాలేదు" అంది.

నేను లోపలికి వెళ్ళి ఆ అమ్మాయిని చూడలేదు. బాలింత గదిలోకి మగాళ్ళు వెళ్ళరు, అందులోనూ నేను పెరడు దాటే మనిషిని కాదు. నాకు తెలియాల్సిందంతా పెరట్లోనే ఉందని కూడా అనుకున్నాను.

ఇంటికొచ్చినా బుర్రలోంచి పోలేదు. మా ఆవిడ అంకమ్మ "వాళ్ళ పిల్లకి ఒంట్లో బాగుండకపోతే నీ పొయ్యేం చేస్తది, పడుకో" అంది. నాకు చిన్నప్పటి నుంచీ ఇదే జబ్బు, ఒక సంగతి ఎందుకైందో తెలియకపోతే అన్నం సయించదు.

శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. నిచ్చెన వేసుకుని కప్పు మీదికెక్కి గొట్టంలోకి తాడుకి కట్టిన కొబ్బరిపీచు దించి తోమాను. గోరువంకలు గూడు పెట్టాయేమో అనుకున్నాను. గూడూ లేదు, గుడ్డూ లేదు. చారెడు మసి రాలింది, అంతే. దిగొచ్చి బసవమ్మ గారిని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగాను.

"తలనొప్పి ఏ వేళకొస్తుందమ్మా?"

"పొద్దున స్నానం చేయించి, సాంబ్రాణి వేసి పడుకోబెడతానా, ఒక గంటకి మొదలవుతది. మళ్ళీ సాయంత్రం స్నానం అయ్యాక అంతే."

"స్నానం అయ్యే వేళకి పొయ్యిలో మంట ఉంటుందా?"

"ఉండదు. అప్పటికి నిప్పులే. తలుపేసేస్తాను."

నేను తికమకపడిపోయాను. మంట భగభగ మండుతున్నప్పుడు పిల్ల బాగుంది. మంట ఆరిపోయి, కట్టె కాలిపోయి, పొగన్నది లేనప్పుడు పిల్లకి బాలేదు. పొయ్యి వల్లనే అయితే తలకిందులుగా ఉండాలి కదా.

"బాగున్న రోజంటూ ఏదైనా ఉందా?" అని అడిగాను.

"మొన్న బుధవారం పసిదానికి టీకాలని చీమకుర్తి తీసుకెళ్ళాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చలాకీగా ఉంది. బజ్జీలు కావాలంది కూడా. ఇంటికొచ్చి పడుకుంది, మళ్ళీ మామూలే. ఇల్లు దాటితే దిష్టి దిగిపోతది, గుమ్మం తొక్కగానే ఎక్కుతది. ఇది ఎవరి కళ్ళో నాకు తెలుసు. ఆదివారం తీసేస్తాను."

గాలి సోకుతుందేమోనని ఆవిడ ఆ రోజు నుంచి గది కిటికీ సందుల్లో కూడా పాత చీరముక్కలు కుక్కిందట. నాకా మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ఆ పాపం నాది.

ఆదివారం చర్చిలో ప్రసంగం మీద మనసు నిలవలేదు. చివరి ప్రార్థన అవగానే తెల్లచొక్కాతోనే బండెక్కి వాళ్ళ ఊరు పోయాను. నేను వెళ్ళేసరికి స్నానాలు అయిపోయాయి, పొగపలక తోసేశారు. త్రినాథ్ సెలవు రోజని వరండాలో మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. బసవమ్మ గారు గుప్పెట్లో రాళ్ళుప్పు, పదకొండు ఎండుమిరపకాయలు పట్టుకుని గదిలోకి వెళ్ళింది. తల్లికీ బిడ్డకీ చుట్టూ మూడుసార్లు తిప్పి, ఇరుగుపొరుగు కళ్ళన్నీ కాలిపోవాలని గొణుక్కుంటూ తలుపు దగ్గరగా వేసి పెరట్లోకి వచ్చింది. పొయ్యి తలుపు తీసి గుప్పెడూ నిప్పుల మీద విసిరేసింది. ఉప్పు చిటపటమంది. టక్కున తలుపు మూసేసింది.

దిష్టి తీసేవాళ్ళకి ఒక లెక్క ఉంది. నిప్పులో మిరపకాయలు ఘాటొచ్చి దగ్గొస్తే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు, అది మిరపకాయలతో పాటు కాలిపోయినట్టు. మేమిద్దరం పొయ్యి ముందు నిలబడి వాసన పట్టాం. ఆవిడ ఒకసారి గట్టిగా పీల్చింది. నేనూ పీల్చాను. ఏమీ లేదు.

"చూశావా! చూశావా మేస్త్రీ! ఎంత దిష్టో చూశావా!" అని ఆవిడ రెండు చేతులూ జోడించింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్ల బతికిపోయిందనుకుంది పాపం.

నాకు దిష్టి మీద నమ్మకం లేదు. మిరపకాయ మీద మాత్రం ఉంది. అవి వాళ్ళ చేలో పండిన తేజ కాయలు. ఒక్క కాయ నిప్పులో పడితే వీధి వీధంతా తుమ్ముతుంది. పదకొండు కాయలు పడ్డాయి. ఘాటు పుట్టకుండా ఉండదు. పుట్టింది ఎటో ఒకవైపు పోకుండా ఉండదు. పొయ్యి తలుపు సందులోంచి రావడం లేదు. తలెత్తి గొట్టం పైకి చూశాను, అక్కడ గాలి కూడా కదలడం లేదు. మరి ఆ ఘాటు ఎటు పోయింది?

అప్పుడు వినపడింది. గోడ అవతల, తలుపులు మూసిన గదిలోంచి, శ్రీరమ్య దగ్గు. ఒకటి కాదు, ఊపిరి తిప్పుకోనివ్వని దగ్గు.

నాకు ఘాటు ఎటు పోయిందో తెలిసింది. ఘాటు పోయిన దారినే ఇన్ని రోజులుగా ఇంకేదో కూడా పోతోందని తెలిసింది.

"తలుపు తియ్యండి! కిటికీలు తియ్యండి!" అని అరుస్తూ పరిగెత్తాను. బసవమ్మ గారు నాకంటే ముందు గుమ్మం దగ్గరికి చేరి చేతులు అడ్డం పెట్టింది.

"ఏందయ్యా ఇది, బాలింత గది! గాలి సోకితే చస్తది!"

"గాలి సోకకే చస్తోందమ్మా!" అన్నాను. ఆవిణ్ణి పక్కకి నెట్టాను. నా జీవితంలో ఒక ఆడమనిషి మీద చెయ్యి వేసింది అదొక్కసారే. దానికి నేను సిగ్గుపడను.

గదిలో ఘాటు కళ్ళల్లో కొట్టింది. శ్రీరమ్య మంచం పట్టె పట్టుకుని లేవబోతోంది, కాళ్ళు నిలవడం లేదు, దగ్గుతూనే ఉయ్యాల వైపు చెయ్యి చూపిస్తోంది. ఉయ్యాలలో పసిది కళ్ళు మూసుకుని ఉంది. అంత ఘాటులో నాకే ఊపిరాడటం లేదు. ఆ పిల్ల దగ్గడం లేదు.

పసిదాన్ని చుట్టిన గుడ్డతో సహా ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. త్రినాథ్ చెల్లెల్ని భుజాన వేసుకొచ్చాడు. వేపచెట్టు కింద గాలిలో పడుకోబెట్టాం. ఎండలో చూస్తే పసిదాని పెదవుల దగ్గర ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు. జేబులోంచి ఫోన్ తీసి నా కూతురు హెలెన్‌కి చేశాను. అది ఒంగోలు ఆసుపత్రిలో నర్సు. సంగతి రెండు ముక్కల్లో చెప్పాను.

"నాన్నా, గదిలోకి మళ్ళీ ఎవర్నీ పోనివ్వద్దు. అది పొగ కాదు. నిప్పులకి గాలి చాలకపోతే పుట్టే విషం. రంగు ఉండదు, వాసన ఉండదు. పీల్చిన మనిషికి నిద్రలాగే ఉంటది. పాపని అరిపాదాల మీద తట్టు, ఏడిపించు. ఊపిరి ఉందో లేదో చూసుకుంటూ బండిలో పెట్టుకుని ఇటే రండి. ఆక్సిజన్ పెట్టమని నేను చెప్పి ఉంచుతా."

పాదాల మీద తట్టాను. ఏమీ లేదు. ఇంకోసారి తట్టాను. బసవమ్మ గారు నేల మీద కూలబడి నా చేతుల వైపే చూస్తోంది. మూడోసారి కొంచెం గట్టిగానే కొట్టాను. పసిది మొహం చిట్లించి, పిల్లికూన మాదిరి సన్నగా ఒక్క కూత పెట్టింది. ఆ తర్వాత దగ్గింది. దగ్గు వింటే నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. తల్లినీ బిడ్డనీ బసవమ్మ గారినీ ఆటోలో ఎక్కించి పంపించాం. తల్లి ముందు తేరుకుందట. పసిదానికి రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇంకో పూట అదే గదిలో ఉంటే మాకు పని ఉండేది కాదని డాక్టరు అన్నాడని హెలెన్ చెప్పింది.

సోమవారం పొద్దున త్రినాథ్ బట్టలు తీసుకెళ్ళడానికి ఇంటికొచ్చాడు. నేను అప్పటికే పెరట్లో ఉన్నాను. గొట్టం సందులోకి తోసి ఉన్న పలక లాగబోయాను. బరువుగా తగిలింది. బయటికి తీసి చూస్తే అది నా ఇనుపరేకు కాదు. నల్లటి గ్రానైట్ పలక. అద్దంలా పాలిష్ పట్టి ఉంది. అంచులు తీర్చినట్టు ఉన్నాయి.

"ఇదేంటి త్రినాథూ?"

"నేనే పెట్టాను మేస్త్రి గారూ. మీ రేకుకి ఒక మూల తెగిపోయి ఉంది. సందు మూతపడట్లేదు, వేడంతా పోతోందని అమ్మ గొణుగుతుంటే కొలత తీసుకెళ్ళి మా మిషన్ మీద కోయించా. పెట్టి చూడండి, వెంట్రుక కూడా దూరదు."

అతని గొంతులో ఇంకా కొంచెం గర్వం ఉంది. నాకు అతన్ని కొట్టాలనిపించింది. ఆ వెంటనే నన్ను నేను కొట్టుకోవాలనిపించింది. ఆ మూల తెగిపోలేదు, నేనే కోశాను. నాలుగు వేళ్ళు పట్టేంత ఖాళీ వదలాలి, నిప్పులు ఆరేదాకా వాటి ఊపిరి బయటికి పోవాలి. నాకు పని నేర్పిన మేస్త్రి "మూల కొయ్యరా" అన్నాడు, ఎందుకో చెప్పలేదు. నేనూ మూల కోసి ఇచ్చాను, ఎందుకో చెప్పలేదు. చూసేవాళ్ళకి అది చేతగాని పనిలాగే కనిపిస్తుంది. రోజంతా రాయిని వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే కుర్రాడికి మరీ కనిపిస్తుంది. మొదటి రోజు ఆ మసిగుడ్డ ఎత్తి చూసి ఉంటే ఈ కథే లేదు.

ఇక గది లోపలికి వెళ్ళి గోడ చూశాను. ఉయ్యాల వెనక, నా పొగదారి మలుపు తిరిగే చోట సున్నం మీద దారమంత సన్నటి పగులు. అక్కడ మసి కూడా అంటలేదు. వెచ్చదనం బాగా రావాలని నేను ఒంటి ఇటుక గోడే పెట్టాను. బ్యారన్‌లో మనుషులు పడుకోరు కాబట్టి అక్కడ చెల్లింది. ఇంట్లో రెండు వరసలు పెట్టి మధ్య ఖాళీ వదలాలి. త్రినాథ్ దారి మూశాడు, నేను వేరే దారి తెరిచి ఉంచాను. ఇద్దరం కలిసి చేసిన పని ఇది. ఆ మాట త్రినాథ్‌తో పైకే అన్నాను. అతను గ్రానైట్ పలకని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గురువారం వాళ్ళు ఇంటికొచ్చారని తెలిసి వెళ్ళాను. శ్రీరమ్య వరండాలో మంచం మీద కూర్చుని ఉంది, మొహానికి ఎండ తగులుతోంది. ఒళ్ళో పసిది చప్పుడు చేస్తూ పాలు తాగుతోంది. బసవమ్మ గారు నన్ను చూడగానే కుర్చీ వేసి టీ పెట్టడానికి లోపలికి పోయింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టడం అదే మొదటిసారి. నేను పొంగిపోయాను. గోడ రెండు వరసలతో మళ్ళీ కడతాననీ, పలకకి మూల ఎందుకు కోస్తారో ఈసారి గోడ మీద రాసి మరీ పోతాననీ, పత్తిపింజ పరీక్షతో మొదలుపెట్టి మిరపకాయల దాకా ఎట్లా కనిపెట్టానో పూసగుచ్చినట్టు చెప్పాను.

ఆ అమ్మాయి అంతా విన్నది.

"మూడుసార్లొచ్చారు కదా మేస్త్రి గారూ?"

"వచ్చానమ్మా."

"మా అమ్మని అడిగారు. గొట్టాన్ని తోమి చూశారు. పత్తిపింజని కూడా అడిగారు. నన్ను మాత్రం అడగలేదు."

ఆమె పసిదాని మీద కొంగు సర్దుకుని మళ్ళీ అంది.

"మంట ఉన్నంతసేపూ హాయిగా ఉండేది. స్నానం అయ్యాక అమ్మ బయట రాయి జరిపిన చప్పుడు వినపడేది. ఆ చప్పుడైన కాసేపటికి తల పగిలిపోయేది. మూడో రోజుకే నాకు తెలిసిపోయింది. అమ్మా, ఆ రాయి జరపొద్దే అని ఏడ్చాను. బాలింతలు అట్లాగే పిచ్చిగా మాట్లాడతారు, చెవిలో దూది పెట్టుకో అన్నారు. మీరు పెరట్లో మాట్లాడటం రెండుసార్లూ గోడలోంచి వినపడింది. గట్టిగా పిలుద్దామంటే గొంతు లేవలేదు."

ఆ మాటకి నేను తల ఎత్తలేకపోయాను. పొయ్యి చుట్టూ అన్ని పరీక్షలు చేశాను, జవాబు తెలిసిన మనిషి తొమ్మిది అంగుళాల అవతల పడుకుని ఉంది. "తప్పయిపోయింది తల్లీ" అన్నాను.

"ఇంకెన్ని ఇళ్ళల్లో కట్టారు ఇట్లాంటివి?"

"ఇది కాక ఎనిమిది. వాటికన్నిటికీ నా రేకులే ఉంటాయిలే అమ్మా. ఈ గ్రానైట్ పిచ్చి మీ అన్న ఒక్కడిదే."

ఆమె నా వైపు వింతగా చూసింది. "మన చుట్టుపక్కల రాయి కోసేవాడు లేని ఇల్లుందా మేస్త్రి గారూ?"

పసిదాన్ని రెండో భుజానికి మార్చుకుంటూ మళ్ళీ అడిగింది. "ఆ గోడల అవతల ఎవరు పడుకుంటున్నారు?"

ఆ ఎనిమిది పొయ్యిలకీ ఎన్నెన్ని ఇటుకలు పట్టాయో, ఏ గొట్టం ఎన్ని అడుగులో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. గోడ అవతల ముసలివాళ్ళున్నారో, పసివాళ్ళున్నారో ఒక్క ఇంటికి కూడా చెప్పలేకపోయాను.

బసవమ్మ గారు టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేసరికి నేను బండి తాళం తీస్తున్నాను. "అయ్యో, టీ తాగి పోవయ్యా" అంది. "మీ అమ్మాయికివ్వండి" అన్నాను. పొద్దున స్నానాల వేళ అయిపోయింది. ఈపాటికి ఇంటింటా నిప్పులు పడి ఉంటాయి, పలకలు తోసి ఉంటారు. ముందు ఏ ఇంటికి పోవాలో తేల్చుకోలేక, దగ్గర్లో ఉన్న ఇంటికి పోనిచ్చాను.